మిగిలిపోయిన నొప్పి

చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో ఆమెను అందరూ కాజాలమ్మ అనేవారు. గుండీలు పట్టే కాజాలు చేత్తో కుట్టడం ఆమె పని. వేళ్ళ కణుపుల్లో వాతం చేరి ఏళ్ళయింది. పొద్దున్నే వేడినీళ్ళలో ముంచితే గానీ పిడికిలి విచ్చుకునేది కాదు. మాత్రలు వేసుకుంటే కడుపులో మంట, మానేస్తే వేళ్ళలో మంట. ఇంట్లో అత్తగారు పూటపూటా తమ దేవుడికి మొక్కుతూనే ఉండేది.

పక్క బల్ల దగ్గర గుడ్డ కత్తిరించే కత్తెర వదినది వేరే మతం. సెలవురోజున తమ మందిరానికి రమ్మంది, కాసేపు చేతులు తేలికపడతాయంది. అక్కడ గుమ్మం బయట చెప్పులతోపాటు నొప్పులూ విడిచి లోపలికి వెళ్ళేవారు. మోకాళ్ళవీ, నడుములవీ, ఎవరిదో పంటిపోటూ గోడవారగా ఉండేవి. వెళ్ళేటప్పుడు ఎవరిది వాళ్ళు తొడుక్కోవాలి. ఎవరైనా మరిచిపోతే, ఆఖరున తలుపు వేసేవాళ్ళు దాన్ని తమతో తీసుకెళ్ళాలి. నొప్పిని దిక్కులేకుండా వదిలేయకూడదని అక్కడి కట్టుబాటు.

కూరగాయలకని చెప్పి కాజాలమ్మ వెళ్ళేది. వాళ్ళ పాటలు రావు. ఒళ్ళో తేలిగ్గా పడున్న వేళ్ళను చూసుకుంటూ కూర్చునేది. పరాయి దేవుడి ఇంట్లో ఊరికే సుఖపడుతున్నానని మనసు గిల్లేది.

ఒకసారి మబ్బు పట్టిందని గబగబా చెప్పులేసుకుని బయల్దేరింది. సందు మలుపులో సంచి చెయ్యి మార్చుకుంటుంటే తెలిసింది, నొప్పి అక్కడే మరిచిపోయానని. వెనక్కి తిరిగింది కూడా. అంతలో చినుకులు పడ్డాయి. తర్వాత తెచ్చుకోవచ్చులే అనుకుంది. అనుకుంటున్నప్పుడే అది అబద్ధమని ఆమెకు తెలుసు.

ఇంటికెళ్ళి దుప్పట్లన్నీ ఉతికి, పిండి, వసారాలో ఆరేసింది. అత్తగారు ఆ చేతులు కళ్ళకద్దుకుని, తన మొక్కు ఫలించిందని ఏడ్చింది. కాజాలమ్మ చేతులు వెనక్కి తీసుకుని, తడి దుప్పటి అంచులు సరిచేసింది.

మర్నాడు షెడ్డులో కత్తెర వదిన చేతిలోంచి కత్తెర జారిపడింది. తీస్తే మళ్ళీ జారింది. అప్పుడే ముసలిదానివయ్యావా అని పని చూసే మేస్త్రీ ఎగతాళి చేశాడు. నాకు సంబంధం చూస్తానన్న నోటితోనే ఆ మాటంటే ఎలాగండీ అని వదిన చురక అంటించింది. అందరూ నవ్వారు. నిన్న మందిరం తలుపు వేసే వంతు ఎవరిదో కాజాలమ్మకు అప్పుడు తట్టింది. అంత బాగున్న వేళ్ళతోనూ సూదిలో దారం ఎక్కించలేకపోయింది.

వారమంతా వదిన కోతలు వంకరపోయాయి. ఇలాగైతే వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు మేస్త్రీ, ఈసారి నవ్వకుండా. కాజాలమ్మ రోజూ చెప్పాలనుకునేది. రేపు చెబుదామని సూది అందుకునేది.

సెలవురోజున పాట మధ్యలో లేచి బయటికొచ్చింది. గోడవార, వదిన విడిచిన చోట, తన నొప్పిని చూడగానే పోల్చుకుంది. వంగేసరికి వెనకాల వదిన.

"దొంగతనమా?"

"నాదే వదినా. ముందు మరిచిపోయిన మాట నిజం. గుర్తొచ్చాక కూడా రాలేదు."

"నీదని తొడుక్కోగానే తెలిసింది. ఇన్నేళ్ళు పక్కన కూర్చున్నదాన్ని."

"మరి అడగలేదేం?"

"ఆ మర్నాడు పొద్దున నువ్వు కుట్టుకుంటూ కూనిరాగం తీశావు. ఎప్పుడన్నా విన్నానా నేను?"

వదిన చతికిలబడి నొప్పిని ఒళ్ళోకి తీసుకుంది. అంచు తడిమి, పాతగుడ్డ చింపినట్టు చర్రున చింపింది.

"సగమైతే నేను కత్తెర పట్టగలను. మేస్త్రీ నోరూ మూతపడుతుంది. నీ సగం నువ్వు తీసుకో."

చీలిక సమంగా రాలేదు. చూపుతోనే గుడ్డను సగానికి కొలిచే మనిషికి అలా ఎందుకు వచ్చిందో కాజాలమ్మకు తెలుసు. లోపల పాట ముగింపుకొస్తోంది. పెద్ద ముక్క వదిన మోకాలి దగ్గరుంది, చెయ్యి చాస్తే అందేంత దగ్గర.

కాజాలమ్మ చిన్నదే తీసుకుంది.