జేబులక్క చూడని జేబు

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్న సామెత ఎవరు కట్టారో గానీ, వాళ్ళింట్లో తప్పకుండా ఒక తోడికోడలు ఉండే ఉంటుంది. లేకపోతే ఆ మంట అంత సరిగ్గా ఎలా తెలుస్తుంది?

మన జేబులక్క పెద్ద హోటలు కింద, నేలమాళిగలో ఉన్న లాండ్రీలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. హాజరుపట్టీలో తప్ప అది ఎక్కడా వినపడదు. మిషన్లోకి వెళ్ళే ప్రతి బట్టా ముందు ఆమె చేతుల్లోంచి పోవాలి. ఎదురుగా ఎనిమిది బుట్టలు. దుప్పట్లు ఒకదాంట్లో, తువ్వాళ్ళు ఒకదాంట్లో, దిండు గలేబులు ఇంకోదాంట్లో. చూడనక్కర్లేదు, చెయ్యి తగిలితే చాలు, ఏది ఎక్కడ పడాలో అక్కడ పడుతుంది. ఇక జేబుల సంగతి చెప్పనే అక్కర్లేదు. పెన్నులు, దువ్వెనలు, ఒకసారి ఎవరిదో కట్టుడు పళ్ళ సెట్టు. ఏ ఒక్కటీ ఆమెను దాటి నీళ్ళలో పడలేదు. ఆ పేరు ఊరికే రాలేదు.

మరిది పెళ్ళాం అదే లాండ్రీలో చేరి రెండేళ్ళయింది. చేర్పించింది ఎవరనుకున్నారు, జేబులక్కే. ఒకే ఇంటివాళ్ళం, కలిసి వెళ్ళి కలిసి వస్తామని సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడి మరీ చేర్పించింది. ఇప్పుడది తలుచుకుంటే తన చెప్పుతో తనే కొట్టుకోవాలనిపిస్తోంది.

గొడవంతా పై అంతస్తులో ఉన్న ఒక కుర్చీ వల్ల వచ్చింది. అతిథుల బట్టలు తీసుకునే గదిలో ఒక కిటికీ, ఒక ఫ్యాను, ఆ కుర్చీ. అందులో కూర్చునే ముసలాయన రిటైరవుతున్నాడు. అతిథులు బట్టలతో పాటు ఇంగ్లీషులో చీటీలు రాసి పెడతారు. అవి చదివి, ఏం చెయ్యమన్నారో తెలుసుకోగలవాళ్ళు కావాలి. లాండ్రీ వాళ్ళలోంచే ఒకరిని పరీక్ష పెట్టి తీసుకుంటామన్నారు. ఒక వాక్యం ఇస్తారు. అందులో ఏ మాట ఏ రకమో చెప్పి, తర్వాత అర్థం చెప్పాలి. పేర్లిచ్చినవాళ్ళు ఇద్దరంటే ఇద్దరే, ఆ ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు.

తడి నేల మీద నిలబడి నిలబడి జేబులక్క మోకాళ్ళు అరిగిపోయాయి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది. ఆ కుర్చీ ఆమెకు కావాలి.

రోజూ మధ్యాహ్నం పని అయ్యాక, ఈ పరీక్షకని హోటలువాళ్ళు పెట్టిన ఒక రిటైర్డు మాస్టారు ఇస్త్రీ గదిలోకొచ్చి పాఠం చెప్పేవాడు. ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నా అన్నీ ఎనిమిది రకాల్లోకే వస్తాయని మొదటి రోజే చెప్పాడు. జేబులక్క మొహం వెలిగిపోయింది.

"ఇంతేనా మాస్టారూ. మా బుట్టలూ ఎనిమిదేగా."

ఆ సాయంత్రమే చీటీలు రాయించి బుట్టలకు అంటించింది. దుప్పట్ల బుట్ట నౌను, తువ్వాళ్ళ బుట్ట వెర్బు, గలేబులది అడ్జెక్టివు. చిన్న చిన్న చేతిరుమాళ్ళ బుట్టకు ప్రిపోజిషన్ అని పేరు పెట్టింది, రెండూ చిల్లర సరుకేనని ఆమె ఉద్దేశం. బట్ట విసురుతూ మాట చెప్పడం, మాట చెబుతూ బట్ట విసరడం. వారం తిరిగేసరికి రెండొందల మాటలు నోటికొచ్చేశాయి. తోడికోడలు ఇంకా నీలం అట్ట నోటుబుక్కులో ఒక్కో మాటా రాసుకుంటూ, కొట్టేసుకుంటూ కూర్చుంది. పాపం అనుకుంది జేబులక్క. ఆ పాపం ఎంత తియ్యగా ఉందో ఆమెకే తెలుసు.

రెండో వారం మాస్టారు పలక మీద 'ఐరన్ ద షర్ట్' అని రాసి, మొదటి మాట ఏ రకమని అడిగాడు.

"నౌను," అంది జేబులక్క, ఆయన నోరు మూసేలోపే. "ఆ బల్ల మీద కూర్చుని కాలుతోందిగా, ఇస్త్రీపెట్టె. వస్తువు."

మాస్టారు రెండోవైపు చూశాడు.

"చొక్కా ఇస్త్రీ చెయ్యమంటున్నారు కదా మాస్టారూ," అంది తోడికోడలు మెల్లగా. "ఇక్కడది పని చెబుతోంది. వెర్బేమో."

"అదీ. మాట మొహం చూసి చెప్పకమ్మా పెద్దమ్మాయీ. వాక్యంలో అది ఏం పని చేస్తోందో చూడు. ఇవాళ ఈ బుట్టలో ఉన్న మాట రేపు ఇంకో బుట్టలో ఉండొచ్చు."

జేబులక్కకు తల కొట్టేసినట్టయింది. దుప్పటి ఎక్కడైనా మంగళవారం నాడు తువ్వాలవుతుందా? పద్నాలుగేళ్ళుగా మొహం చూసి, చేత్తో తడిమి నెట్టుకొచ్చిన మనిషిని పట్టుకుని మొహం చూడొద్దంటే ఎలా? ఆ రోజు నుంచి నోటికొచ్చిన రెండొందల మాటలూ ఆమెకు అడ్డం తిరిగాయి. తోడికోడలు మాత్రం గడగడా చెప్పేస్తోంది.

ఇంటి దారిలో అడిగింది కూడా. "అక్కా, నా పుస్తకంలో అన్నీ వాక్యాలతో సహా రాసుకున్నాను. ఇద్దరం కూర్చుని చదువుకుందామా?"

"తలనొప్పిగా ఉంది," అంది జేబులక్క.

ఇంట్లో అత్తగారు ఊరుకుంటే బాగుండేది. మందు సీసా మీద రాసింది చిన్నకోడలు చదివి చెప్పిందట. ఆ ముచ్చట వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ చెప్పి, చివర్లో ఓ ముక్క తగిలించింది: "పెద్దదానికి చేతులిచ్చాడు దేవుడు, చిన్నదానికి బుర్రిచ్చాడు." అప్పటినుంచి జేబులక్క ఒంటి మీద పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. తోడికోడలు నవ్వినా మంటే, నవ్వకపోయినా మంటే. అన్నం వడ్డిస్తే ఈ వినయమంతా నటన అనుకుంది. వడ్డించకపోతే అప్పుడే కుర్చీ ఎక్కేసిందనుకుంది.

పరీక్షకు మూడు రోజులుంది. శుక్రవారం ఏప్రన్లు ఉతికే రోజు. పైన ఎవరో పిలుస్తున్నారని తోడికోడలు తన ఏప్రన్ విప్పి కుప్ప మీద పడేసి మెట్లెక్కింది. జేబులక్క అలవాటు ప్రకారం అందుకుంది. జేబులోకి వెళ్ళిన చేతికి గట్టిగా అట్ట తగిలింది.

ఆ చెయ్యి ఒక్క క్షణం అక్కడే ఆగింది. అందులో ఏముందో ఆమెకు తెలుసు. నెల రోజుల చదువు ఉంది, కుర్చీ ఉంది, అత్తగారు పొగిడిన బుర్ర ఉంది. చెయ్యి ఖాళీగానే బయటికొచ్చింది. ఏప్రన్ని తెల్ల బల్లగుడ్డల లోడులో వేసి, మిషను తలుపు మూసి, మీట నొక్కింది. లోపల గిర్రున తిరుగుతుంటే చూస్తూ నిలబడింది. హాయిగా ఉంది. అబద్ధమెందుకు, నిజంగానే హాయిగా ఉంది.

గంట తర్వాత తలుపు తీస్తే నలభై బల్లగుడ్డలూ నీలం మరకలతో, గుజ్జుకాగితం అంటుకుని బయటికొచ్చాయి. సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. తడిసి ఉబ్బిన అట్టముక్క రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఈ లోడు జేబులు చూసిందెవరు?"

అడగాల్సిన పనే లేదు, చూసేది ఒక్కరే. చూడలేదంటే పద్నాలుగేళ్ళ పేరు పోతుంది. చూశానంటే అసలు మొహమే ఉండదు.

ఈలోపల తోడికోడలు ముందుకొచ్చింది. అట్టముక్కను ఆయన చేతిలోంచి తీసుకుని గుప్పిట్లో దాచుకుంది.

"అది నా పుస్తకమే సార్. అక్క చెయ్యి పడితే జేబులో దారప్పోగు కూడా మిగలదు. అక్క అన్నీ చూసేశాక తొందర్లో నేనే నా ఏప్రన్ తెచ్చి లోడు మీద పడేసుంటాను. తప్పు నాది."

"సొంత వస్తువే చూసుకోలేనిదానివి, అతిథుల బట్టలేం చూస్తావు?" సూపర్‌వైజరు జేబులోంచి పేర్ల చీటీ, పెన్సిలు తీశాడు. "పరీక్ష నుంచి నీ పేరు తీసేస్తున్నా."

అంటే కుర్చీ జేబులక్కదే. పోటీకి ఇంకెవరూ లేరు, ఇంగ్లీషు వచ్చినా రాకపోయినా ఆమెకే ఇస్తారు. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం ఆమె వైపు చూడటం లేదు. తోడికోడలి భుజం మీద చేతులు వేసి, ఎంత మంచి పిల్లవమ్మా నువ్వు, ఎంత నిజాయితీ అంటున్నారు. ఇస్త్రీ చేసే పెద్దావిడైతే కళ్ళు ఒత్తుకుంది కూడా. రేపు ఈ కథ అత్తగారి చెవిన పడుతుంది. ఎల్లుండి వీధంతా పాకుతుంది.

ఎక్కడో చల్లారిందనుకున్న మంట జేబులక్కకు మళ్ళీ గుప్పున లేచింది. బుర్రా దానికే. ఇప్పుడు మంచితనం కూడా దానికేనా?

"నేనే వేశాను," అంది. అందరూ తిరిగి చూశారు. "జేబు చూశాను. పుస్తకం చేతికి తగిలింది. తియ్యలేదు. తెలిసే మిషన్లో వేశాను."

సూపర్‌వైజరు ఒక పేరు మళ్ళీ రాసి, ఇంకో పేరు కొట్టేసి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు తమ తమ బుట్టల దగ్గరికి జారుకున్నారు. తోడికోడళ్ళిద్దరే మిగిలారు, మధ్యలో నీలం మరకల కుప్ప.

తోడికోడలు చెంపలు తుడుచుకుంది. "నన్ను అడిగితే ఆ పుస్తకం ఇచ్చేదాన్ని కదక్కా," అంది.

జేబులక్క వంగి ఒక బల్లగుడ్డ తీసి, దానికంటిన గుజ్జును గోటితో గీకడం మొదలుపెట్టింది.

"ఇస్తావనే అడగలేదు," అంది.