ఈశ్వరప్ప కూతురి ఆల్బం పెట్టె

తనకల్లులో సోమశేఖర్ ఫోటో స్టూడియోకి పెళ్లి ఆల్బంల కంటే వాటిని పెట్టే పెట్టెల వల్లే పేరొచ్చింది. ఆల్బంలో ఎవరి పెళ్లయినా ఒకటే: అందరూ ఎండకు కళ్లు చికిలించి నిలబడి ఉంటారు. పెట్టె మాత్రం ఏ జంటదా జంటకే. మఖమలు గుడ్డ, మూత మీద పేర్లు, బొమ్మలు, చమ్కీలు.

"అంతా నా చేతి పనే," అని సోమశేఖర్ వచ్చినవాళ్లకు చెప్పేవాడు. ఆ చెయ్యి వెనక గదిలో కూర్చుని జిగురు పూస్తుండేది. దాని పేరు రేఖ. పదో తరగతి పాసయిన పిల్ల. ఆమె నోట మాట రావడమంటే ఆ ఊళ్లో బోరులో నీళ్లు పడినంత అరుదు.

రేఖకు ఒక్కటే కోరిక. ఒక్క పెట్టె మీదైనా, ఓ మూలనైనా, చీమంత అక్షరాలతో తన పేరుండాలి. ఆరు నెలలు మింగి మింగి, ఒకరోజు అడిగేసింది.

"ఈశ్వరప్పన్న కూతురి పెట్టె ఆయనకు నచ్చితే రాసుకో పో పాపా," అన్నాడు సోమశేఖర్, మాన్యం రాసిచ్చినంత ఠీవిగా.

ఈశ్వరప్ప కూతురు ఐశ్వర్య పెళ్లిలో ఒక వింత జరిగింది. సరిగ్గా తాళి కట్టే వేళకు వాన పడింది. నిండా పది నిమిషాలు! పెళ్లికొడుకు భరత్ ఎవరి గొడుగో లాక్కుని ఆమె మీద పట్టాడు. రేఖ ఆ ఫోటో చూసి, నీలి గుడ్డ మీద వెండి చమ్కీల వాన కురిపించి, ఇద్దరినీ ఆ గొడుగు కింద నిలబెట్టింది.

ఈశ్వరప్ప వచ్చి చూశాడు. అది రెండువేల ఆరు. సర్పంచి ఎన్నికలు. ఆయన భుజం మీద తువ్వాలు కూడా ఓటు అడుగుతున్నట్టే ఉండేది.

"ఏమప్పా సోమశేఖరా, నేను యాడుండా దీంట్లో?"

"పెండ్లి పాపది కదన్నా..."

"పెండ్లి పాపది. వాన ఎవురిది? నా పందిట్లో పడినాది! చేతులు జోడించి నిలబడింటి చూడు, ఆ ఫోటో ఎయ్. పెద్దది."

తాము ఎవరి తరఫున కురిశామో మేఘాలకు తెలియదు పాపం.

మర్నాడు ట్రాక్టరు చేరింది. తర్వాత, ఎండిపోయి రెండేళ్లయిన బోరు నీళ్లు చిమ్ముతున్న పాత ఫోటో. ఆపైన బావమరిది. "వాడు అలిగినాడప్పా, వాన్నీ ఎయ్." జంట పోస్టు స్టాంపంత ఫోటో అయి, చివరికి ట్రాక్టరు చక్రం పక్కకు చేరింది. వాన గుడ్డను ఊడదీసి, ఫోటోలు కత్తిరించి అతికించింది రేఖే.

"ఇప్పుడుండాది కళ!" అన్నాడు ఈశ్వరప్ప, తన మొహాన్ని తనే చూసుకుని మురిసిపోతూ.

ఆయన గడప దాటగానే రేఖ మెల్లగా అడిగింది. "నచ్చింది కదన్నా... నా పేరు?"

"జాగా యాడుండాది పాపా? అడుగున రాసుకో!" అని సోమశేఖర్ పకపకా నవ్వాడు.

రేఖ నవ్వలేదు. తీసేసిన వాన బొమ్మను పెట్టె అడుగున అతికించి, మూలన పేరు రాసింది. అడుగు చూసేది ఎవరు, ఎలుకలు తప్ప!

పెట్టె విడపనకల్లులో ఐశ్వర్య అత్తవారింటికి చేరి, అద్దాల బీరువా మీద కూర్చుంది. భరత్ తండ్రి తిప్పయ్య కూడా తన ఊళ్లో సర్పంచికి నిలబడ్డాడు, వేరే పార్టీ మద్దతుతో. ఆల్బం చూడ్డానికి వచ్చినవాళ్లకు ముందు ఈశ్వరప్ప నమస్కారం ఎదురయ్యేది.

"ఏం తిప్పయ్యా, మీ వియ్యంకుడు మన ఊర్లో గూడా నామినేషన్ ఏసినాడా?"

మూడోసారి ఆ మాట వినగానే తిప్పయ్య పెట్టెను బోర్లించాడు. ఈశ్వరప్ప, ట్రాక్టరు, బోరు, బావమరిది అందరూ కిందికి పోయారు. పైన వాన కురిసింది.

పక్షం రోజులకు విడపనకల్లు నుంచి ఇద్దరు బస్సులు మారి స్టూడియోకి వచ్చారు.

"ఈడ రేఖ ఎవురు?"

"పెట్టెలన్నీ నా చేతి..." అని మొదలుపెట్టాడు సోమశేఖర్.

"నీ చేతి సంగతి మాకెందుకులేప్పా. గొడుగు బొమ్మ ఏసిన పాప కావల్ల."

రేఖ జిగురు చేతులతోనే బయటికి వచ్చింది.

"మా పాపకూ అట్లాంటి పెట్టే కావల్లమ్మా. ఏమి, బొమ్మ అడుగునే ఏస్తారా మీరు?"

"లేదన్నా, పైనే ఏస్తా," అంది రేఖ. సోమశేఖర్ వైపు ఒకసారి చూసి, "పేరు గూడా పైనే," అంది.