గడప దాటిన ఉన్ని ఉండ

స్వెటర్ల కార్ఖానాలో మధ్యాహ్నం గంట కొట్టగానే ఆడవాళ్ళంతా మిషన్లు ఆపి, వేళ్ళు విరుచుకుని, టిఫిన్ డబ్బాలు తెరుస్తారు. కాలర్లు అతికే అమ్మాయి మాత్రం నాలుగు ముద్దలు గబగబా మింగి, సంచిలోంచి రెండు సూదులూ సగం అల్లిన టోపీ బయటికి తీసేది. ఆమెకి ఎనిమిదో నెల. టోపీ ఆనించుకోడానికి పొట్టే బల్ల. పొద్దస్తమానం కాలర్లతో కుస్తీ పట్టిన చేతులకి మళ్ళీ ఈ అల్లికేమిటని పక్కవాళ్ళు ఏడిపిస్తుంటే, "ఊరందరికీ మెడలు కప్పుతున్నాను, నా బిడ్డకి తల కప్పుకోకూడదా?" అనేది.

ఆ ఉన్ని మిల్లుది కాదు. ఆమె మొగుడి అక్క స్వయంగా కదురు తిప్పి వడికి ఇచ్చింది. మిల్లు దారం ఎక్కడ పెడితే అక్కడ పడుంటుంది, దానికి ఇల్లూ వాకిలీ తెలియవు. చేత్తో వడికిన దారం అలా కాదు. వడికేటప్పుడు మనసులో ఏ ఇల్లు మెదిలితే, ఉండ చుట్టి నేల మీద వదిలినప్పుడు ఆ ఇంటికే దొర్లుకుంటూ పోతుంది. అందుకే కొట్లలో చేతి దారాన్ని మూతి కట్టిన సంచుల్లో ఉంచి అమ్ముతారు. వీధిలో ఉండ దొర్లుతూ కనబడితే సైకిలు మీద వెళ్ళేవాడు కాలు నేలకి ఆనించి దారిస్తాడు, కుక్కలున్నవాళ్ళు కాస్త గొలుసు బిగించి పట్టుకుంటారు. ఒకాయన పెళ్ళానికి శాలువా అంటూ తానే ముచ్చటపడి వడికితే, ఆ ఉండ కాస్తా తిన్నగా వెనక వీధిలో టైపిస్టు ఇంటికి పోయింది. పాపం ఆయన మళ్ళీ కదురు ముట్టలేదు.

అమ్మాయికి తల్లీ తండ్రీ లేరు. ఉన్నదల్లా ఫ్రిజ్జులు బాగుచేసే మొగుడూ, అదే వీధిలో నాలుగిళ్ళ అవతల ఉండే వదినా. కడుపుతో ఉందని తెలిసిన రోజు నుంచీ ఆ వదిన ఆమెని అరచేతిలో పెట్టుకుని చూసుకుంటోంది. పాలు కాచి తెచ్చేది, పళ్ళు కోసి ఎదురుగా కూర్చుని తినిపించేది, వాచిన కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నూనె రాసేది. బకెట్టు ఎత్తబోతే చాలు, "నీకేం పోయేకాలం పిల్లా!" అని లాగేసుకునేది. "మా వదిన లాంటి ఆడపడుచు ఎవరికీ ఉండదు" అని అమ్మాయి కార్ఖానాలో పదేపదే చెప్పుకునేది. బొత్తాలు కుట్టే ముసలావిడ, అందరూ చత్వారం పిన్ని అని పిలిచే ఆవిడ, కళ్ళజోడు మీద నుంచి చూసి "దిష్టి తగులుతుందే, కాస్త తగ్గించి చెప్పు" అనేది.

ఒక సాయంత్రం ఇంట్లో సంచి మూతి ఊడి ఉండ కింద పడింది. ఈ ఇంటి బిడ్డకి వడికిన ఉండ ఈ ఇంట్లోనే ఎక్కడో ఒక మూల ఆగాలి. అది మంచం చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, గడప ఎక్కి, అవతలికి దూకింది. అమ్మాయి పొట్ట పట్టుకుని వెనకాలే వెళ్ళేసరికి, ఉండ వదిన ఇంటి తలుపుకి తల కొట్టుకుంటూ కనబడింది.

వదిన దాన్ని చేతిలోకి తీసుకుని నవ్వేసింది. "నేను మా ఇంట్లో కూర్చునే కదా వడికాను. ఆ అలవాటు పోలేదు దానికి."

అంతే కాబోలు అనుకుంది అమ్మాయి. అనుకున్నా, మర్నాడు పిన్నిని అడక్కుండా ఉండలేకపోయింది.

"ఎక్కడ కూర్చుని వడికితే అక్కడికే పోతుందా పిన్నీ?"

"అలా అయితే వడికేవాళ్ళ ఇళ్ళల్లో అడుగు పెట్టే చోటు ఉంటుందటే? అన్నీ వెనక్కే వచ్చి పడతాయి" అంది పిన్ని. దారం కొరికి ఇంకో బొత్తాం అందుకుంది.

సెలవు రోజున మొగుడు ఏదో హోటల్లో పెద్ద ఫ్రిజ్జు ఆగిపోయిందని పొద్దున్నే వెళ్ళిపోయాడు. అమ్మాయి ఉండని నేల మీద పెట్టి చెయ్యి తీసేసింది. అది మళ్ళీ అదే దారిన పోయింది, ఆమె వెనకాలే నడిచింది. వదిన వీధి తలుపు ఓరగా తీసి ఉంది. ఉండ ముందుగది దాటి, వంటగది దాటి, ఎప్పుడూ తాళం వేసి ఉండే వెనక గది ఆ రోజు తెరిచి ఉంటే అందులోకి దూరి, అక్కడ ఒక ఉయ్యాల కింద ఆగింది. ఉయ్యాలకి రంగు ఇంకా ఆరలేదు. హోటల్లో ఉండాల్సిన మొగుడు కింద కూర్చుని దానికి మరలు బిగిస్తున్నాడు. వదిన కిటికీకి కొత్త తెర కడుతోంది.

ఆ పిచ్చిపిల్లకి ముందు సంతోషమే కలిగింది. తనకి చెప్పకుండా సరదాగా చేయిస్తున్నారనుకుంది. "ఎంత బాగుందండీ! మనింట్లో ఎక్కడ పెడదాం?" అంది నవ్వుతూ.

మొగుడు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. వదిన తెర కొస పట్టుకుని అలాగే నిలబడింది. అమ్మాయి నవ్వు ముఖం మీద ఉండగానే సంగతి అర్థమైపోయింది.

"కూర్చో పిల్లా, ఆయాసపడకు" అంది వదిన చివరికి.

"ఎవరికి ఈ ఉయ్యాల?"

మొగుడు చేతిలో మర కింద పెట్టాడు. "అక్కకి పిల్లల్లేరు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. అడక్క అడక్క ఒక్కటి అడిగింది. మొదటి బిడ్డని ఇస్తానని మాటిచ్చాను."

"ఎప్పుడు?"

"మన పెళ్ళికి ముందే."

"మరి నాకెప్పుడు చెబుదామనుకున్నారు?"

"పుట్టాక. అప్పుడైతే నువ్వు నీరసంగా ఉంటావు, అంత గొడవ..." అని నాలిక కరుచుకున్నాడు.

"నాలుగిళ్ళ అవతలే కదమ్మా" అంది వదిన దగ్గరికొస్తూ. "రోజూ చూసుకోవచ్చు. పాలు కూడా నువ్వే ఇద్దువుగాని. నిన్ను మోసం చెయ్యాలని కాదు పిల్లా. వడికేటప్పుడు మీ ఇల్లే తలచుకుందామని ఎంత ప్రయత్నించానో! నా చెయ్యి నా మాట వినలేదు."

అమ్మాయి తన కాళ్ళ వంక చూసుకుంది. నిన్న సాయంత్రం రాసిన నూనె ఇంకా మెరుస్తోంది. ఆ పాలూ, ఆ పళ్ళూ, ఆ నూనే, ఏదీ తనకి కాదు. తనొక సంచీ. లోపలి సరుకు నలగకుండా సంచీని జాగ్రత్తగా చూసుకున్నారు, అంతే. వదిన మీద కోపం వచ్చింది. మొగుడి మీద కోపం కూడా రాలేదు, అంతకంటే అన్యాయమైనదేదో వచ్చి గుండెలో కూర్చుంది. పక్కన పడుకుని, పొట్ట మీద చెయ్యి వేసి, బిడ్డ తన్నులు చూసి మురిసిన మనిషి. అన్ని రోజులూ ఎలా పడుకోగలిగాడు?

ఆ తరవాత ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మొగుడు రోజూ ఏదో ఒక వేళ మొదలుపెట్టేవాడు. "ఇచ్చిన మాట తప్పమంటావా? మనకి ఇంకో బిడ్డ పుట్టదా?" అనేవాడు. "మీరిచ్చిన మాట మీ కడుపులో పెరగట్లేదు" అని ఆమె కూర కలుపుకునేది. ఇంకెవరితో చెప్పుకుంటుంది, కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది.

చెప్పుకున్నది పిన్నితో ఒక్కదానితోనే. పిన్ని ఓదార్చలేదు. టోపీని విప్పించింది. దారానికి ఎదురు మెలి వేస్తే అది మళ్ళీ మామూలు ఉన్ని అయిపోతుందనీ, ముందు వడికినవాళ్ళ తలపు అందులోంచి రాలిపోతుందనీ చెప్పి, తన కదురు చేతికిచ్చింది. "ఇప్పుడు నీ ఇల్లు తలచుకుంటూ వడుకు."

అమ్మాయి తన ఇల్లు తలచుకుంది. వసారాలో విప్పి పడేసిన ఫ్రిజ్జు తలుపులు, కొక్కేనికి వేలాడే అతని చొక్కా, ఇద్దరికీ ఒకటే దుప్పటి. దారం పుటుక్కున తెగింది. అతికి మళ్ళీ తిప్పింది, మళ్ళీ తెగింది. కొన్నాళ్ళకి విసిగిపోయి ఇంటి సంగతే వదిలేసింది. ఒక చిన్న తలని మాత్రం తలచుకుంది, ఇంకా మెత్తగా ఉండే మాడుని, దాని మీద తన అరచేతిని. అప్పుడు దారం సాగింది. గరుగ్గా, ఎగుడుదిగుడుగా.

"ఇది దారమా, గొంగళి పురుగా?" అంది పిన్ని. అని, ముఖం పక్కకి తిప్పుకుని కళ్ళజోడు తుడుచుకుంది.

నొప్పులు ఇవాళో రేపో అన్నట్టున్నాయి. ఆ ఉదయం వదిన పళ్ళబుట్టతో వచ్చి మంచం మీద కూర్చుంది. "ఏదో ఒకటి తేల్చెయ్యండి, నాకు నిద్ర పట్టడం లేదు" అంది.

"తేల్చేద్దాం" అంది అమ్మాయి. కొత్త ఉండ తీసి చూపించింది. "ఇది నేను వడికింది. ఈ ఇంట్లో ఆగితే బిడ్డ నా దగ్గరే. మీ ఇంటికి వస్తే బిడ్డ మీది. మళ్ళీ నోరెత్తను. ఒప్పుకుంటారా?"

అక్కా తమ్ముడూ ముఖాలు చూసుకున్నారు. ఆ ఊళ్ళో ఉండతో ఎవరూ వాదించరు. ఇద్దరూ తల ఊపారు.

అమ్మాయి వంగలేక వంగి ఉండని నేల మీద వదిలింది. అది కదలకుండా కాసేపు ఉంది. అంతలో అది మెల్లగా తిరిగి, మొగుడి కాలి పక్కనుంచి పోయి, గడప ఎక్కింది.

"వస్తోంది!" అని వదిన బయటికి పరుగెత్తింది. ముందుగా పోయి తన తలుపులు రెండూ బార్లా తీసి, చీర కొంగు పరిచి గుమ్మంలో కూర్చుంది. తన చేయి కూడా తనని మోసం చేసిందా అనుకుంటూ అమ్మాయి గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

ఉండ వదిన ఇంటి ముందుకి వచ్చింది. పరిచిన కొంగు పక్కనుంచే దొర్లి, ఆగకుండా ముందుకి పోయింది.

అమ్మాయి లోపలికి వెళ్ళి చెప్పులు తొడుక్కుని, రెండు చీరలూ సూదులూ సంచిలో వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు మొగుడు అడ్డంగా నిలబడి.

"తెలీదు. అది ఆగే చోటికి."

"అది అక్క ఇంటికి పోలేదుగా! పందెం నువ్వే గెలిచావుగా!"

"మనింట్లోనూ ఆగలేదండీ. మీరే చూశారు" అంది ఆమె. అతను పక్కకి తప్పుకున్నాడు.

ఉండ తొందరపడలేదు. నిండు చూలాలి నడక ఎంతో దాని నడకా అంతే. బేకరీ దాటింది, లాండ్రీ దాటింది, ఆమె ఎన్నడూ తిరగని సందులోకి తిరిగింది. చివరికి ఒక పాత మేడ ముందు, గేటుకి వేలాడుతున్న 'గది అద్దెకు ఇవ్వబడును' అనే బోర్డు కింద ఆగింది.

లోపల వాకిలి చిమ్ముతున్న ఇంటావిడ చీపురు ఆపి చూసింది. ఉండని చూసింది, పొట్టని చూసింది, గేటు గడియ తీసింది.

"నీళ్ళు పొద్దున ఒక్క పూటే వస్తాయమ్మా. పర్వాలేదా?"

"పర్వాలేదండీ" అంది అమ్మాయి. "గదికి లోపలి గడియ ఉందా?"

"ఉంది. గట్టిదే."