మార్కును బయటికి పిలవొద్దు

రెజీనా ఓడిపోవడంలో ఒక పద్ధతి ఉంది. మొదటి రెండు ఆటలు అవలీలగా గెలుస్తుంది, మూడోది చెమటోడ్చి గెలుస్తుంది, ఆఖరిదానిలో రామకృష్ణాపూర్ ఉపేందర్ చేతిలో బోల్తా పడుతుంది. పెద్దపల్లిలో సెల్‌ఫోన్ దుకాణాల వాళ్లు ఏడాదికి రెండుసార్లు ఒక ఫంక్షన్ హాల్ తీసుకుని ఈ పోటీ పెడతారు. గెలిచిన ఒక్కరినే హైదరాబాద్‌లో జరిగే రాష్ట్ర పోటీకి పంపుతారు. రెండో స్థానానికి ఒక టీషర్టు ఇచ్చి సరిపెడతారు. రెజీనా ఇంట్లో అలాంటి టీషర్టులు రెండున్నాయి. ఒకదానితో వాళ్లమ్మ ఎలిజబెత్ ఫ్యాను రెక్కలు తుడుస్తుంది.

"ముప్పై ఏండ్లు దాటినయ్. ఇంకా ఫోన్ల పురుగులతోని కొట్లాటేంది బిడ్డా నీకు?" అంటుంది ఆవిడ. పురుగులు కావు, రక్కసులు అని రెజీనా ఒకటి రెండుసార్లు చెప్పి చూసింది. ఎలిజబెత్ దృష్టిలో రెండింటికీ తేడా లేదు.

ఆట పేరు రక్కసిపోరు. అందులో నిప్పు రక్కసులు, నీటి రక్కసులు, బండవి, గాలివి, చెట్టువి, ఇలా వందల రకాలున్నాయి. ఆరింటిని ఏరి జట్టు కట్టుకోవాలి, ప్రతి ఆటకు ఆ ఆరులోంచి నాలుగింటిని తీసుకుపోవాలి. బరిలో ఒకసారికి ఒకటే నిలబడుతుంది. ప్రతి వంతులో ఇద్దరూ ఎదుటివాడి ఎత్తు చూడకుండానే తమది ఎంచుకోవాలి. దెబ్బ తిన్నదాన్ని వెనక్కి పిలిచి దాని బదులు ఇంకోదాన్ని పంపవచ్చు. కాకపోతే ఆ వంతు అక్కడికే ఖర్చవుతుంది, కొత్తగా వచ్చినది ఎదుటివాడి దెబ్బను ఊరికే తినాలి. నాలుగూ పడిపోతే ఆట ముగిసినట్టు. చెప్పడానికి ఇంతే. ఆడేవాళ్లు మాత్రం ఏళ్లకేళ్లు దీనితో తలలు పగలగొట్టుకుంటూనే ఉంటారు.

రెజీనా గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి మీద, టైం ఆఫీసులో గుమస్తా. ఏ షిఫ్టుకు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, రానివాడి బదులు ఏ బద్లీని దింపాలి, ఇవన్నీ మస్టర్‌లో రాయడం ఆమె పని. షిఫ్టుకు బాయిలోకి దిగినవాళ్లు ఎంతమందో, తిరిగి పైకి వచ్చినవాళ్లూ అంతమందే అని తేలేదాకా ఆమె కుర్చీలోంచి లేవదు. తొమ్మిదేళ్లుగా అదే అలవాటు. ఆ అలవాటే ఆమెను ఓడిస్తోందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేది.

మొదట్లో ఆమె జట్టు చూడముచ్చటగా ఉండేది, అంతే. ఆరూ నిప్పు రక్కసులే, ఆరూ ఒకే దెబ్బకు కొట్టి పడేసేవే. బసంత్‌నగర్ నుంచి వచ్చిన ఒక కాలేజీ అమ్మాయి ఒకే ఒక్క నీటి రక్కసిని దింపి నాలుగింటినీ వరసగా ఆర్పేసి, తన సమోసా తాను తినుకుంటూ లేచి వెళ్లిపోయింది. ఆరోజు రెజీనా ఇంటికొచ్చి వరండాలో కూర్చుని ఆ జట్టునే మళ్లీ మళ్లీ చూసుకుంటుంటే వాళ్ల నాన్న మార్కు భుజం మీదుగా తొంగి చూశాడు.

మార్కు రిటైరై ఆరేళ్లు. బాయిలో ముప్పై రెండేళ్లు టింబర్‌మన్. తవ్విన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టడం ఆయన చేసిన పని. మాటలు తక్కువ మనిషి. చర్చిలో పాట పాడేటప్పుడు కూడా పెదవులు మాత్రమే కదిలిస్తాడు.

"ఇవేం జేస్తయి?" అని అడిగాడు.

"కొడ్తయి బాపు."

"ఆరుకు ఆరు కొట్టెటియ్యేనా? మరి కప్పుకు దిమ్మె పెట్టెటోడేడి?"

ఆ ఒక్క మాట పట్టుకుని రెజీనా ఆరు నెలలు పని చేసింది. నాన్న కాలంలో ఒక గ్యాంగు ఎట్లా దిగేదో అడిగి తెలుసుకుంది. ముందు గ్యాంగు పెద్ద సర్దార్ పోయి కప్పును కట్టెతో తట్టి చూస్తాడు, తర్వాత డ్రిల్లు వేసేవాడు, మందు పేల్చేవాడు, వాళ్లను కాస్తూ టింబర్‌మన్, బొగ్గు నింపే ఫిల్లర్. ఎవడైనా డ్యూటీకి రాకపోతే వాడి జాగాలో బద్లీ. ఆమె కూడా అట్లాగే జట్టు కట్టింది. ఎదుటివాడి ఎత్తు ముందే పసిగట్టే గాలి రక్కసి సర్దార్. నిదానంగా వచ్చినా ఒక్క పోటుతో పని ముగించే బండ రక్కసి డ్రిల్లరు. తన మీద, తన తర్వాత వచ్చేవాళ్ల మీద కవచం కప్పే చెట్టు రక్కసి టింబర్‌మన్. చిత్తు కాగితాల మీద లెక్కలు వేసి కొట్టేసింది, మళ్లీ వేసింది. సర్దార్‌కు వేగం ఎక్కువై ఒళ్లు చాలడం లేదని మూడు వారాలు దాని వెంటే పడింది. డ్రిల్లరూ ఫిల్లరూ ఇద్దరూ నీటికే జడుస్తున్నారని తేలాక ఫిల్లర్‌ను మార్చింది. బద్లీ కోసం ఒక చిన్న నిప్పు రక్కసిని ఉంచుకుంది. దానికి పెద్ద బలమేమీ లేదు, ఎవరి జాగాలోనైనా సర్దుకుంటుంది.

పేర్లు కూడా నాన్ననే అడిగింది. ఆయన గ్యాంగు పేర్లు వరసగా చెప్పాడు. సర్దార్ రఘుపతి, డ్రిల్లర్ ఎల్లేశం, మందు పేల్చే సదయ్య, ఫిల్లర్ ఆగయ్య.

"టింబర్‌మన్ నువ్వే గద. మరి బద్లీ?"

మార్కు చేతిలో ఉన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "గట్టయ్య," అని లోపలికి వెళ్లిపోయాడు.

పేర్లు పెట్టాక వాటిని 'అది' అనడం పోయి 'వాడు' అనడం మొదలైంది. ఎలిజబెత్ కూడా ఒకసారి "ఆగయ్య ఎట్లున్నడే?" అని అడిగి, తర్వాత తనను తాను తిట్టుకుంది. మార్కు సాయంత్రాలు కూతురి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆట సగం అర్థం కాకపోయినా చివరిదాకా చూసేవాడు. రెజీనాకు అది గెలుపు కన్నా ఎక్కువగా ఉండేది. చిన్నప్పటి నుంచి ఆయన పక్కన అంతసేపు కూర్చున్న గుర్తు ఆమెకు లేదు.

జనవరి పోటీకి ఆయన కూడా పెద్దపల్లి వచ్చాడు. ఆఖరి ఆట మళ్లీ ఉపేందర్‌తోనే. అతను ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు డంపర్ నడుపుతాడు, నవ్వు మొహం మనిషి, బల్ల అవతల కూర్చోగానే "రా చెల్లె, ఈసారన్న గెలువు, నాకు గూడ బోర్ కొడ్తుంది" అన్నాడు. ఆట సగంలో మార్కు, అంటే ఫోన్‌లో మార్కు, బాగా దెబ్బ తిన్నాడు. రెజీనా ఆలోచించలేదు. వాణ్ణి వెనక్కి పిలిచి గట్టయ్యను పంపింది. ఉపేందర్ ఆ సంగతి పసిగట్టే కూర్చున్నాడు. అతని నీటి రక్కసి అప్పటికే నోరు తెరిచి ఉంది. గట్టయ్య అడుగు పెట్టిన చోటే కూలిపోయాడు.

పక్కన కుర్చీ చప్పుడైంది. మార్కు లేచి, ఎవరివైపూ చూడకుండా హాల్ దాటి బయటికి వెళ్లిపోయాడు. మిగతా ఆట రెజీనా చేతులతో ఆడింది కానీ మనసు అక్కడ లేదు. మూడో టీషర్టు తీసుకుని బస్టాండుకు పరుగెత్తింది.

బస్సు బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీల వెనక ఇరుక్కుని ఆగిపోయింది. అప్పుడు అడిగింది.

"గట్టయ్య ఎవరు బాపు?"

"చెప్పిన గద. బద్లీ."

లారీలు కదలలేదు. ఆయనే మొదలుపెట్టాడు.

"గ దినం నా బుజం మీద బొగ్గు పెల్ల పడ్డది. పెద్దదేం గాదు. దెబ్బ తాకిందని సర్దార్ నన్ను బయటికి పిలిచిండు. నా జాగల బద్లీని పంపిండు. ఇరవై నాలుగేండ్ల పోరడు. నేను సగం నిలబెట్టిన దిమ్మె కాడికి పోయి నిలవడ్డడు." ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. "నేను గీడ నీళ్లు తాగుతున్న. గాడ కప్పు గూలింది."

ఇరవై ఆరేళ్ల కిందటి ముచ్చట అది. తనకు అప్పుడు ఐదేళ్లు. ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఎత్తని పేరును తను ఫోన్‌లో పెట్టుకుని రోజూ ఆడుకుంది. సిగ్గుతో ఆమె మొహం కాలిపోయింది.

"సర్దార్ తప్పేం లేదు," అన్నాడు మార్కు. "దెబ్బ తాకినోన్ని బయటికి పిలుసుడు కాయిదా, బాయిల రూలు. నువ్వు జేసింది గూడ కాయిదనే. గాని టింబర్‌మన్ ఆఖర్ల వస్తడు బిడ్డా. అందరు వచ్చినంక."

"ఆ పేరు తీసెయ్యాల్నా?"

"ఎందుకు? ఉండనియ్."

తర్వాత నెలల తరబడి ఆయన కుర్చీ వరండాలో ఒక మూలకే ఉండిపోయింది. ఆమె ఫోన్ తీస్తే ఆయన లేచి చెట్లకు నీళ్లు పోయడానికి వెళ్లేవాడు. నీళ్లు పోసిన చెట్లకే మళ్లీ పోసేవాడు. రెజీనాకు పోటీ మీదా ఆశ చావలేదు, నాన్న వచ్చి మళ్లీ పక్కన కూర్చోవాలన్న ఆశా చావలేదు. రెండోది అడిగి తెచ్చుకునేది కాదు. అందుకని మొదటిదాని మీద పడింది.

పాత ఆటలన్నీ ఫోన్‌లో మళ్లీ వేసి చూసింది. అరవై రెండు ఆటల్లో దెబ్బ తిన్నవాణ్ణి వెనక్కి పిలవకుండా ఊరుకున్నది నాలుగుసార్లే. దిగినవాళ్లందరూ పైకి రావాల్సిందేనన్న మస్టర్ లెక్క ఆమె వేలిలోకి దిగిపోయింది. ఉపేందర్ ఆమె జట్టును ఓడించడం లేదు, ఆమె ఉద్యోగాన్ని ఓడిస్తున్నాడు. ఎవరికి దెబ్బ తగిలితే వాడు బయటికి వస్తాడు, వాడి బదులు బద్లీ వస్తాడు. అతను ఆ వచ్చేవాణ్ణి కొడితే చాలు. తన తెలివి తక్కువతనానికి తనకే ఒళ్లు మండింది.

జట్టులో ఒక్కటే మార్చింది. ఆటలో ఒక్కో రక్కసికి ఒక తాయెత్తు కట్టవచ్చు. ఇన్నాళ్లూ మార్కు మెడలో ఉన్నది దెబ్బ తగలగానే సులువుగా తప్పించుకునే తాయెత్తు. దాన్ని తీసేసి ఇంకోటి కట్టింది. దానితో వాడు కప్పే కవచం, వాడు పడిపోయాక కూడా రెండు వంతులు నిలుస్తుంది.

ఆగస్టులో పోటీ రోజున, తోడు రమ్మని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. చెప్పులు వేసుకుని బయటికి వచ్చేసరికి మార్కు ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "బస్సుకు ఆల్శమైతది," అన్నాడు.

ఆఖరి ఆట. బల్ల అవతల ఉపేందర్, యథాప్రకారం నవ్వుతూ. రెజీనా నలుగురిని దింపింది: ఆగయ్య, మార్కు, ఎల్లేశం, గట్టయ్య. చూస్తుండగానే ఆగయ్య పడిపోయాడు. ఎల్లేశం ఒకణ్ణి పడగొట్టి, తనూ దెబ్బ తిని వెనక్కి వచ్చాడు. మార్కు బరిలోకి దిగి ఇంకొకణ్ణి పడగొట్టాడు కానీ వాడిలో మిగిలిన ప్రాణం చూపే పచ్చగీత అరిగి అరిగి ఎర్రగా మారింది. ఉపేందర్‌కు ఇంక ఇద్దరే మిగిలారు. ముందు నిలబడ్డది ఆ నీటి రక్కసే.

జనవరిలో ఎక్కడ ఆగిందో ఆట మళ్లీ అక్కడికే వచ్చింది. గట్టయ్య ఒంటి మీద గీత పడకుండా వెనక నిలబడి ఉన్నాడు. రెజీనా బొటనవేలు దానంతట అదే 'వెనక్కి' అన్న గుర్తు మీదికి వెళ్లింది. పక్కన నాన్న ఊపిరి ఆమెకు వినిపిస్తోంది. ఆయన లేచి వెళ్లలేదు.

ఆమె వేలు తీసి 'కవచం' మీద నొక్కింది.

ఉపేందర్ నీళ్లు వదిలాడు. ఎప్పటిలాగే, రాబోయే నిప్పు రక్కసి కోసం. కానీ అక్కడ ఉన్నది చెట్టు రక్కసి. నీళ్లు వాడికి చుక్క కూడా అంటలేదు. అప్పటికే కవచం పైన పరుచుకుంది. ఉపేందర్ తల ఎత్తి ఆమెను మొదటిసారి పరిచయమైనట్టు చూశాడు. "అయ్యో, పిలువలేదా?" అన్నాడు. ఈసారి నవ్వలేదు. తర్వాతి వంతులో తన మిగతా బలమంతా ఒక్క పోటులో పెట్టాడు. కవచం సగం ఆపినా, ఎర్రగీతకు దిగిన మార్కుకు ఆ మిగతా సగమే ఎక్కువైంది.

'మార్కు పడిపోయాడు' అని తెర మీద అక్షరాలు వచ్చాయి.

రెజీనా పక్కకు చూడడానికి భయపడింది. ఎల్లేశాన్ని దింపింది. నిదానమే అయినా పైన కప్పు ఉన్నంతసేపు వాడికి జంకు లేదు. మొదటి వంతులో నీటి రక్కసి పోయింది. రెండో వంతులో ఉపేందర్ ఆఖరివాడు ఎల్లేశం మీద పడ్డాడు, దెబ్బ కవచానికి తగిలి జారిపోయింది. ఎల్లేశం పోటు జారలేదు. ఆట అయిపోయింది.

హాల్‌లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఉపేందర్ లేచి బల్ల మీదుగా చెయ్యి చాపాడు. "పో చెల్లె, హైదరాబాద్ పో. ఇగ నా చాతగాదు," అన్నాడు. పాపం, ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

మార్కు ఇంకా తెర వైపే చూస్తున్నాడు.

"గట్టయ్యేడి?" అని అడిగాడు.

"దిగనే లేదు బాపు. బయటనే ఉన్నడు."

ఆయనకు నమ్మకం కుదరలేదు. రెజీనా జట్టు జాబితా తెరిచి ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. ఆరుగురూ వరసగా ఉన్నారు. గట్టయ్య పేరు పక్కన పచ్చగీత ఈ చివర నుంచి ఆ చివరిదాకా నిండుగా ఉంది. మార్కు వేలితో తాకితే ఆ చిన్న నిప్పు రక్కసి ఎగిరి గంతు వేసింది. ఆయన మరోసారి తాకాడు, అది మళ్లీ గంతు వేసింది.

ఫోన్ తిరిగి ఇవ్వడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. వెనక్కి పోయే బస్సు దాటిపోయింది. ఇద్దరూ ఇంకో బస్సు కోసం కూర్చున్నారు.