పీలికల కొలత

ఏ సంగతైనా తేలేదాకా నాకు అన్నం సయించదు. పక్కింటి కుక్కర్ రోజూ వేసే కూతల్లో ఒకటి తక్కువ వేసినా, ఎందుకని వెళ్లి అడిగి వస్తాను. మా ఆయన అంబదాస్ దీన్ని జబ్బు అంటాడు. ఈ సంవత్సరం ఆ జబ్బు ఆయన నడుము మీద పడింది.

జనవరిలో మేముండే భేస్తాన్‌లోని డాక్టరమ్మ ఆయన రక్తం పరీక్ష చేయించి, షుగర్ గట్టు మీద కూచుందని, ఇంకాస్త తోస్తే లోపల పడతాడని చెప్పింది. మందులు ఇప్పుడే వద్దంది. పొట్ట తగ్గించాలి, తంబాకు మానాలి, దీపావళి ముందు మళ్లీ వచ్చి చూపించుకోవాలి. మా బావగారికి షుగర్ ముదిరి కాలి వేళ్లు తీసేశారు. పట్టీ కట్టిన ఆ పాదాన్ని నేను దగ్గరినుంచి చూశాను. అందుకే నాకు చాలా భయం వేసింది. ఆయనకు నాకంటే ఎక్కువే వేసి ఉంటుంది, కాని దారి పొడుగునా డాక్టరమ్మ చెప్పులు బాగున్నాయని మాట్లాడుకుంటూ వచ్చాడు.

మా ఆయన పనిచేసే ఖటోదరాలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే వాళ్లలో మావా నమలనివాడు అరుదు. వక్క, తంబాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో నలిపి ఇస్తారు. అది దవడలో ఉంటేనే పని సాగుతుందని వాళ్ల నమ్మకం. మా ఆయనకు మావాతో పాటు సాయంత్రం నూనెలో వేయించిన శనగపిండి గాఠియా పొట్లం కూడా కావాలి. ఇంటికి రాగానే ఇద్దరం కూచుని ఒక ఒప్పందం చేసుకున్నాం. రెండూ బంద్. వాటికి పోయే పైసలు జీతం చేతికొచ్చే పగార్ రోజునే తీసి నా స్టీలు డబ్బాలో వేయాలి. ఏడాది తిరిగేసరికి ఆ డబ్బాలోంచి నాకు పాతదైనా సరే ఒక ఇంటర్‌లాక్ కుట్టుమిషన్ రావాలి. నేను రంగుల మిల్లులో రంగు వేయించుకుని వచ్చిన చీరలకు ఇంట్లోనే దారాలు కత్తిరించి, అంచులకు లేసు కుడతాను. మిషన్ ఉంటే అదే పని రెండింతలు అవుతుంది.

పైసలు డబ్బాలో కనబడతాయి. మరి పొట్ట తగ్గిందో లేదో ఎట్లా కనబడుతుంది? టేపు కొందామంటే ఆయన ఒప్పుకోలేదు. అంకెతో వాదించవచ్చు, గుడ్డతో వాదించలేమని కార్ఖానా నుంచి జార్జెట్ చిందీ, అంటే మిగులు ముక్కలు, ఒక కట్ట తెచ్చాడు. సాంచ మీంచి దిగి ఇంకా రంగు మొహం చూడని గుడ్డ అది, కాగితంలా తెల్లగా, నున్నగా ఉంది. దాన్ని సన్నటి పీలికలుగా చించాను. మొదటి పీలిక ఆయన నడుముకు చుట్టబోతే నా చేతులు వెనక్కి పోయాయి గాని వేళ్లు వేళ్లకు అందలేదు. మా బిడ్డ ప్రసన్న నవ్వుకుంటూ వెనక నుంచి కొస అందించింది. రెండు కొసలూ కలిసిన చోట కత్తిరించి, గోడకు మేకు కొట్టి వేలాడదీశాను.

ఫిబ్రవరి నుంచి ఆయనే ఒక పద్ధతి కనిపెట్టాడు. పీలిక ఒక కొస బొడ్డు దగ్గర పట్టుకుని, చీర కట్టుకునే పెళ్లికూతురిలా గుండ్రంగా ఒక చుట్టు తిరుగుతాడు. నేను కత్తెరతో ఎదురుగా నిలబడతాను. ప్రతి నెలా మొదటి ఆదివారం మా ఇంట్లో ఇదే తమాషా. జూలై వచ్చేసరికి గోడ మీద ఏడు పీలికలు, ఒకదాని కంటే ఒకటి కొంచెం పొట్టిగా, మెట్లు దిగినట్టు వేలాడుతున్నాయి. ఆయన ఇంటికి రాగానే చెప్పులు విడవకముందే వాటి వైపు చూసేవాడు. తోటి పనివాడు సంపత్‌కు చెబితే అతను కూడా చూడటానికి వస్తానన్నాడు. ముసురుకు పీలికలు బూజు వాసన కొడుతున్నాయని, నేను చీరలు ఇవ్వడానికి పోయినప్పుడు ఈయన స్టవ్ మీద నీళ్లు కాచి, సర్ఫు వేసి, వాటిని శుభ్రంగా ఉతికి ఆరేసి మళ్లీ వరుసగా తగిలించాడు. సంపత్ వచ్చి చాయ్ తాగి, వాటిని పెళ్లి ఫోటోల్లా చూసి వెళ్లాడు. తను కూడా వచ్చే నెల నుంచి మొదలుపెడతానన్నాడు.

ఆగస్టు మొదటి ఆదివారం ఎప్పటిలాగే ఈయన తిరిగాడు, నేను కత్తిరించాను. ఎనిమిదో మేకుకు తగిలించి వెనక్కి జరిగి చూశాను. ఆగస్టు పీలిక జూలై దానికంటే మాత్రమే కాదు, జనవరి దానికంటే కూడా బెత్తెడు పొడుగు ఉంది.

నాకు ఒళ్లు మండింది. ఎక్కడ తింటున్నావని అడిగాను. తినలేదన్నాడు. ఎవరు తినిపిస్తున్నారని అడిగాను. ఎవరూ లేరన్నాడు. ఎనిమిది నెలలు నన్ను వెర్రిదాన్ని చేశావా అని, బావగారి కాలు గుర్తు లేదా అని, నోటికి వచ్చిందంతా అన్నాను. ఆయన పీలికల వైపే చూస్తూ నిలబడ్డాడు.

"నేను తినలే, స్వరాజ్యం. నీ మీద ఒట్టు," అన్నాడు చివరికి.

"గుడ్డతోని వాదించద్దని నువ్వే అన్నవ్," అన్నాను.

ప్రసన్న పుట్టింది పెరిగింది మేం బతుకుదెరువుకు వచ్చిన ఈ పరాయి ఊళ్లోనే కాబట్టి దాని నోట్లో రెండు మూడు భాషలు కలిసి ఉంటాయి. బాపు ఝూట్ బోలడు అవ్వా అని, నాన్న అబద్ధమాడడని, అది నాతో మెల్లగా అంది. నేను దాన్ని కూడా కసిరాను.

ఇక నా జబ్బు మొదలైంది. ఆయన టిఫిన్ డబ్బా మూత వాసన చూశాను. చొక్కా జేబులు తిరగదీశాను. వక్క పలుకు గాని, సున్నం మరక గాని లేదు. చీరల మూట ఇచ్చే వంకతో ఖటోదరా పోయి, కార్ఖానా పక్క మావా అమ్మే గల్లా వాణ్ని అడిగాను. మీ ఆయన వల్ల నాకు నష్టం బహెన్, జనవరి నుంచి నా మొహం చూడటం లేదని అతను నా మీదే విసుక్కున్నాడు. గాఠియా కొట్టువాడూ అదే మాట. సంపత్‌ను నిలదీస్తే, ఆటో సగం దారిలోనే దిగి నడిచి వస్తున్నాడు వదినా, మేం చాయ్ తాగుతుంటే చక్కెర లేకుండా సగం కప్పు తాగి కూచుంటున్నాడు అన్నాడు. ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. పనికి వేసుకునే పాంటు జారిపోతోందని ఈమధ్య ఆయన నడుముకు దారం కడుతున్నాడు. ఎలాస్టిక్ పాడైందని నేను అనుకున్నాను. కొత్త ఎలాస్టిక్ వేద్దామని లాగి చూస్తే పాతది గట్టిగానే ఉంది.

మనుషులు అబద్ధం చెప్పడం లేదు, పాంటు అబద్ధం చెప్పడం లేదు. గుడ్డ మాత్రం పొడుగ్గానే ఉంది. తినకుండా, తాగకుండా, నడుస్తూ నడుస్తూ మనిషి లావెట్లా అవుతాడు? వాపు ఏమైనా వచ్చిందా? షుగర్ లోపల పడిపోయిందా? బియ్యం కడుగుతూ, లేసు కుడుతూ ఇదే ఆలోచన. ఇన్ని అడిగినా, ఆయన దగ్గరికి పోయి, నువ్వు తినలేదని నమ్ముతున్నాను అని మాత్రం అనలేకపోయాను.

పగార్ రోజు వచ్చింది. ఆయన ఎప్పటిలా నోట్లు నా చేతిలో పెట్టాడు. నేను డబ్బా మూత తీయగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మావా పైసల్ ఇటియ్యి. మానినా లావే అయితున్న, తిన్నా లావే అయిత. తినన్న తింట," అన్నాడు.

కోపంగా అన్నా బాగుండేది. అలసిపోయినట్టు అన్నాడు. నేను ఇచ్చేశాను. మర్నాడు ఆయన ఆటో ఎక్కుతుంటే, ఆ పైసలు వెనక్కి అడగాలనిపించి కూడా అడగలేదు. మిషన్ పోతే పోయింది, మనిషి గట్టు దిగి లోపలికి నడుస్తున్నాడనిపించింది. ఏడుపు వచ్చింది.

ఆ రోజు నా దగ్గర జార్జెట్ చీరల మూట ఉంది. గోడకు ఆనుకుని దారాలు కత్తిరిస్తున్నాను. చీర కొంగు వేళ్ల మధ్య రవ్వరవ్వగా తగులుతోంది. మంచి జార్జెట్ అంతే, బొంబాయి రవ్వ మీద చెయ్యి వేసినట్టు ఉంటుంది. లేస్తుంటే పీలికల వరుసకు చెయ్యి తగిలింది. జనవరి పీలిక కూడా అట్లాగే రవ్వగా ఉంది. ఫిబ్రవరిదీ అంతే. జూలై దాకా అన్నీ అంతే. ఆగస్టుది మాత్రం కాగితంలా నున్నగా ఉంది.

ఒకే కట్టలోంచి చించిన గుడ్డ రెండు రకాలుగా ఎట్లా ఉంది? అన్నింటినీ మళ్లీ తడిమి చూశాను. తేడా ఒక్కటే. ముసురులో ఆయన ఉతికిన ఆ ఏడూ వేడినీళ్లు చూశాయి, ఇదొక్కటే చూడలేదు. మిగిలిన చిందీలోంచి ఒక ముక్క తీసి, మరుగుతున్న నీళ్లలో వేశాను. నా కళ్ల ముందే అది మెలికలు తిరిగి, ముడుచుకుని, తీసి చూస్తే ఇందాకటి కంటే బాగా పొట్టిగా, రవ్వరవ్వగా అయింది.

నాకు నవ్వాలో తల కొట్టుకోవాలో తెలియలేదు. ఆయన గుడ్డను మిల్లుకు పోకముందు చూస్తాడు. నేను మిల్లు నుంచి వచ్చాక చూస్తాను. రెండింటికీ నడుమ వేడినీళ్లలో దానికి ఏమవుతుందో ఒకే కప్పు కింద బతికే మేమిద్దరం ఎన్నడూ చూడలేదు. చీరల మూట అక్కడే వదిలేసి, జూలై పీలికా ఆగస్టు పీలికా కొంగున ముడివేసుకుని ఖటోదరా ఆటో ఎక్కాను.

సాంచల చప్పుడులో పక్కవాడి మాట కూడా వినబడదు. కార్ఖానా గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాను. నన్ను చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. ప్రసన్నకు ఏమైందని అడుగుతూ పరుగున వచ్చాడు. ఏం కాలేదని చెప్పి, రెక్క పట్టుకుని బయట చాయ్ బండి దగ్గరికి తీసుకుపోయాను. దగ్గరికి రాగానే తంబాకు వాసన కొట్టింది.

"తిన్నవా?" అన్నాను.

"పొద్దుగాల సగం తిన్న. తల తిరిగింది." జేబులోంచి మిగిలిన సగం తీసి చూపించాడు.

బెంచీ మీద రెండు పీలికలూ పక్కపక్కన పరిచాను. జూలైది పొట్టి, ఆగస్టుది పొడుగు. చాయ్‌వాలాను అడిగి గిన్నెలో మరిగే నీళ్లు పోయించుకుని, ఆయన చూస్తుండగా ఆగస్టు పీలికను అందులో ముంచాను. అది ముడుచుకుంటుంటే ఆయన గిన్నె మీదికి వంగిపోయాడు. గరిటె కాడతో తీసి, పిండి, మళ్లీ జూలై దాని పక్కన పరిచాను. ఇప్పుడు ఆగస్టుదే పొట్టి.

ఆయన తడి గుడ్డను వేళ్లతో చాలాసేపు రుద్ది చూశాడు.

"ఇన్నేండ్ల సంది నేస్తున్న. నీళ్లల్ల గుంజుకపోతదని వినుడే గని, ఎట్ల గుంజుకపోతదో ఇయ్యాల్నే చూసిన," అన్నాడు.

"నువ్వు తినలే. నాకిప్పుడు నమ్మకమైంది," అన్నాను సంతోషంగా.

ఆయన నవ్వలేదు. పీలికను మడత పెట్టి నా చేతిలో పెట్టాడు.

"నీళ్లు చెప్తే నమ్మినవ్. నేను చెప్పిన్నాడు నమ్మలే."

మిగిలిన మావాను చాయ్ బండి కింద చెత్త డబ్బాలో వేశాడు. నాకు చాయ్ చెప్పి, పైసలు తనే కట్టి, సాంచలు ఆగుతాయని లోపలికి పోయాడు. ఆ చాయ్ సగంలోనే వదిలేశాను. గల్లా వాణ్ని అడిగాను, గాఠియా కొట్టువాణ్ని అడిగాను, ఎలాస్టిక్‌ను కూడా అడిగాను. ఆయన ఒట్టు వేసి చెప్పిన మాటను ఒక్కదాన్నే పక్కన పెట్టాను. ఆటోలో ఇల్లు చేరేదాకా సిగ్గుతో తల ఎత్తలేదు.

తర్వాత ఆయన నాతో మామూలుగానే ఉన్నాడు. మావా పైసల్లో ఖర్చైంది పోను మిగిలింది డబ్బాలో వేశాడు. మళ్లీ సగం దారి నడిచి పోతున్నాడు. కాని ఇంటికి రాగానే గోడ వైపు చూడటం మానేశాడు.

సెప్టెంబర్ మొదటి ఆదివారం నేను చిందీ కట్ట, కత్తెర తీసి, ఈసారి గుడ్డను ముందే వేడినీళ్లలో ముంచి ఆరబెట్టానని చెప్పాను. ఆయన నా చేతిలోంచి రెండూ తీసుకుని చీరల మూట మీద పెట్టాడు.

"గుడ్డ వద్దు. నువ్వే కొలువు," అన్నాడు.

ప్రసన్న ట్యూషన్‌కు పోయి ఉంది. నేను దగ్గరికి పోయి రెండు చేతులూ ఆయన నడుము చుట్టూ వేశాను. జనవరిలో ఎక్కడ ఆగిపోయాయో నాకు గుర్తుంది. ఆ చోటు దాటి ఇంకా పోయాయి. వెన్ను మీద ముందు గోళ్లు గోళ్లకు తగిలాయి. తర్వాత ఒక చేతి వేళ్లు రెండో చేతి వేళ్లలోకి దూరాయి.

"అందినయా?" అన్నాడు.

"ఇంక అందలే," అన్నాను.

నేను చెప్పింది అబద్ధమని ఆయనకు తెలుసు. అయినా కదలకుండా అట్లాగే నిలబడ్డాడు.