రెండడుగులు పక్కకి

ఇరవై రెండేళ్లలో పుష్పవల్లి మూడు వందల సినిమా పాటల్లో ఆడింది. అన్నిట్లోనూ హీరోయిన్ వెనక, రెండో వరసలో, ఎడమ చివర. ఆడపడుచు నాగేశ్వరి వెంగళరావు నగర్‌లో టీవీ ముందు కూర్చుని ఒక్క పాటా వదలకుండా చూసి ఫోన్ చేసేది. "వదినా, నీ మోచెయ్యి ఎంత బాగా చేసిందో. ఈసారి చెవి కూడా కనపడిందిలే."

అందుకే, ఫిల్మ్ నగర్‌లోని పుష్పవల్లి రెండు గదుల ఇంటికి లాస్య అనే అమ్మాయి వచ్చి, "ఏడు నిమిషాల ఎక్స్‌పెరిమెంటల్ ఫిల్మ్ తీస్తున్నానండీ, మొత్తం మీరొక్కరే డాన్స్ చేస్తారు" అన్నప్పుడు, ఆమె కథేమిటని అడగలేదు. "మొహం కనపడుతుందా?" అని మాత్రం అడిగింది.

"మొహమే కనపడుతుందండీ."

లాస్య వారానికి ఐదు రోజులు మాదాపూర్‌లో కూర్చుని అమెరికా బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాస్తుంది. శని ఆదివారాలు కళ. రెండువేల నాలుగులో ఊళ్లోని సాఫ్ట్‌వేర్ పిల్లలందరికీ ఏదో ఒక కళ పట్టుకుంది. కొందరికి గిటారు, ఈ పిల్లకి కెమెరా.

ఆదివారం పొద్దున్నే జూబ్లీ హిల్స్ చివర, ఇంకా ఎవరూ పేల్చి ఇల్లు కట్టని బండల మీద షూటింగ్ మొదలైంది. యూనిట్ మొత్తం ముగ్గురు. స్టాండు మీద చిన్న కెమెరాతో లాస్య, మొహం మీదికి వెలుగు మళ్లించడానికి తెల్ల థర్మోకోల్ అట్ట పట్టుకున్న వాళ్లింటి డ్రైవరు బాలనర్సయ్య, ఆకుపచ్చ నేత చీరలో పుష్పవల్లి.

"పాటేదమ్మా?" అంది పుష్పవల్లి.

"పాట ఉండదండీ. నిశ్శబ్దం."

"నిశ్శబ్దానికి ఎన్ని కౌంట్లు?"

లాస్య కాస్త ఆలోచనలో పడింది. "మీకెన్ని తోస్తే అన్ని."

పుష్పవల్లి ఎనిమిది అనుకుని, మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ మొదలుపెట్టింది. బాగా ఆడింది కూడా. తీరా కెమెరాకున్న చిన్న తెరలో చూస్తే మధ్యలో ఆకాశం, ఎడమ అంచున సగం పుష్పవల్లి.

"మీరు మధ్యలో ఉండాలండీ."

"మధ్యలోనే మొదలుపెట్టాను కదమ్మా."

మొదలుపెట్టిన మాట నిజమే. నాలుగో కౌంటుకల్లా కాళ్లు వాటంతటవే రెండడుగులు పక్కకి జరిగాయి. "సెంటర్ వదలండి, హీరోయిన్ వస్తోంది" అని డాన్స్ మాస్టర్లు మైకులో ఇరవై రెండేళ్లు తిట్టి నేర్పిన విద్య అది. కెమెరా ఎదురుగా ఉన్న చోటు తనది కాదని ఆ కాళ్లకి బాగా తెలుసు. లాస్య కెమెరాని ఎడమకి జరిపింది. పుష్పవల్లి ఇంకా ఎడమకి జరిగింది. అలా మూడుసార్లయ్యేసరికి యూనిట్ మొత్తం పక్కవాళ్ల ప్లాటులోకి వచ్చిపడింది.

బాలనర్సయ్య ఇక ఊరుకోలేక తన చెప్పులు విప్పి మధ్యలో పెట్టాడు. "గీడ నిలబడి ఆడాలె అక్కా. చెప్పులకాడికెళ్లి జర గూడ కదలొద్దు."

పుష్పవల్లి ఈసారి చెప్పుల చుట్టూ, వాటికి కొంగైనా తగలకుండా, ఎంతో ఒద్దికగా ఆడింది. ఒకచోట వాటివైపు చెయ్యి చాపి మురిపెంగా నవ్వింది కూడా.

"నా చెప్పులకైన మర్యాద నా పెండ్లిల నాకు గూడ గాలే" అన్నాడు బాలనర్సయ్య.

లాస్య నవ్వలేదు. తెరలో చూసినకొద్దీ ఆ పిల్ల కళ్లు మెరిశాయి. "ఆంటీ, ఇదే బాగుంది. చెప్పులు తీసేసి ఇలాగే తీద్దాం. మధ్యలో ఆ ఖాళీయే హీరోయిన్. మీరేమో అంచున. ఎంత అర్థముందో చూడండి."

పుష్పవల్లి కొంగు నడుముకి దోపుకుంది. హీరోయిన్ ఉన్నప్పుడు వెనక నిలబడటం వేరు. ఎవరూ లేకపోయినా వెనకేనా? "ఖాళీ కూడా నీకంటే ముందుందే వదినా" అని నాగేశ్వరి అనబోయే మాట ఇప్పుడే చెవిలో వినపడింది.

"అర్థం నువ్వుంచుకో తల్లీ. మొహం చూపిస్తానన్నావు, అది చూపించు."

"మీరు నిలబడటం లేదు కదండీ."

"నేను నిలబడతాను. ఈ కాళ్లతోనే వచ్చింది చిక్కు."

పుష్పవల్లి నాలుగువైపులా చూసింది. కాస్త అవతల రెండు నిలువెత్తు బండల మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది. కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని అందులోకి దూరింది. "ఇటు రా. ఇక్కడ పెట్టు కెమెరా. ఇంకా దగ్గరికి."

"టేపు నాలుగు నిమిషాలే మిగిలిందండీ."

"చాలు."

నాలుగో కౌంటుకి ఎడమకాలు పక్కకి జరిగి, బండకి తగిలి వెనక్కి వచ్చింది. కుడికాలు ప్రయత్నించింది, అక్కడా బండే. కాళ్లు ఓడిపోయి ఊరుకున్నాయి. ఇక మిగిలినవి చేతులు, మెడ, కళ్లు. ఎవరిని చూసి నవ్వాలో తెలియక ఆమె నవ్వు కాసేపు అటూ ఇటూ వెతికి, ఎవరూ దొరక్క ఆగిపోయింది. అప్పుడు పుష్పవల్లి నేరుగా కెమెరాలోకి చూసింది. ఎనిమిది దాటాక కౌంట్లు లెక్కపెట్టడం మానేసింది. బాలనర్సయ్య చేతిలో అట్ట కదల్లేదు.

టేపు అయిపోయి కెమెరా దానంతటదే ఆగింది.

చిన్న తెరలో తనని తాను పుష్పవల్లి చాలాసేపు చూసుకుంది. చెమట, చెవి పక్కన తెల్లవెంట్రుకలు, అన్నీ ఉన్నాయి. అన్నీ మధ్యలోనే ఉన్నాయి.

"దీన్నెక్కడ పెడతావు?"

"చివర్లో ఆంటీ. ముందు ఖాళీలన్నీ చూపించి, ఆఖరి నిమిషంలో మీరు."

"చివరొద్దు. పాటా మాటా లేని సినిమాకి ఆఖరి దాకా ఎవరు కూచుంటారు? మొదట్లో పెట్టు."

"అలా పెడితే ఫిల్మ్ పాడైపోతుందండీ."

"అక్క చెప్పింది కరెక్టే లాస్యమ్మా. నేనైతే రెండు నిమిషాలకే లేస్త" అన్నాడు బాలనర్సయ్య చెప్పులు తొడుక్కుంటూ.

డైరెక్టరూ, హీరోయినూ బండ మీద ఎదురెదురుగా కూర్చున్నారు. డైరెక్టర్ ఐదో నిమిషం అంది. హీరోయిన్ మొదటి నిమిషం అంది. ఎండ నెత్తికెక్కే వేళకి ఒకటిన్నర నిమిషం దగ్గర బేరం కుదిరింది, బాలనర్సయ్య లేస్తానన్న రెండు నిమిషాలకి ముందే.