వెర్లిన్ హాక్ గోడకెక్కించిన చెక్కు

మా కొట్టు యజమాని వెర్లిన్ హాక్ ఎంగిలి చేత్తో కాకిని తోలే రకం కాదు. ఒక్క పరువు తీయడంలో మాత్రం చెయ్యి ధారాళం. బౌన్సయిన చెక్కుల్ని నా క్యాష్ కౌంటర్ వెనక గోడకి, పేర్లు అందరికీ కనబడేలా అతికించేవాడు. నెబ్రాస్కాలో చిన్న ఊళ్ల కొట్లలో ఇది కొత్తేమీ కాదు గానీ, బాకీ తీరాక ఎవరైనా పీకేస్తారు. ఈ మహానుభావుడు పీకడు. జనానికి బుద్ధి రావాలట. ముందు ఎవరికి రావాలో!

లవాన్ స్టట్జ్ చెక్కు రెండేళ్లుగా అక్కడే ఉంది. ఇరవైమూడు డాలర్లు. మొగుడు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాసింది. మరుసటి వారమే జరిమానాతో సహా కట్టేసింది. రసీదు రాసిచ్చింది నేనే.

ఆ శుక్రవారం ఆమె వచ్చి బతిమాలింది.

"వెర్లిన్, బళ్లో పిల్లల భోజనం డబ్బులు తీసుకునే పనికి అర్జీ పెట్టాను. బడి ఆఫీసు చూసే ఫ్రీసన్ గారే మనిషిని తీసుకునేది. ఆవిడ రోజూ ఇక్కడికే వస్తారు. ఆ కాగితం పీకెయ్యవూ, నీకు పుణ్యముంటుంది."

"పీకితే మిగతావాళ్లకి భయమెలా ఉంటుందమ్మా?"

అదే సమయానికి మిషన్ కంపెనీ నుంచి వచ్చిన ఒక పొట్టి మనిషి నా పక్కన కొత్త మిషన్ బిగిస్తున్నాడు. చెక్కు దూరిస్తే చాలు, అక్కడికక్కడే బ్యాంకులోంచి డబ్బు లాగేస్తుందట.

"పరీక్షించాలి, ఒక చెక్కివ్వండి సార్," అన్నాడు.

సొంత చెక్కు తీస్తాడా మావాడు? చచ్చినా తీయడు. గోడ మీంచి లవాన్ చెక్కు ఊడబీకాడు.

"ఇది పెట్టు. చచ్చిన చెక్కేగా!"

మిషన్‌కి ఆ సంగతి ఎవరు చెప్పారు? గుర్రుమని లాక్కుని చీటీ కక్కింది.

"వచ్చేశాయి సార్, ఇరవైమూడు డాలర్లు," అన్నాడు మిషన్ మనిషి.

"మళ్లీనా!" లవాన్ కేక పెట్టింది. "అది నా అద్దె డబ్బు వెర్లిన్! రెండేళ్ల కిందటే కట్టాను కదయ్యా!"

వరసలో పాలడబ్బా పట్టుకుని నిలబడ్డ ఫ్రీసన్ గారు తలెత్తారు.

హాక్ మొహం పాలిపోయింది. "రద్దు చెయ్యి, రద్దు చెయ్యి," అన్నాడు. మిషన్ మనిషి రద్దు చేశాడు. హాక్ ఆ చెక్కు తీసుకుని మళ్లీ గోడ వైపు తిరిగాడు. సిగ్గన్నది ఉంటేగా!

"అలా కుదరదు సార్. మిషన్‌లో పెట్టిన చెక్కు రాసినవాళ్లకే తిరిగివ్వాలి. అది రూలు."

నేను హాక్ చేతిలోంచి లాక్కుని లవాన్ చేతిలో పెట్టాను. హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు.

"రెండేళ్ల కిందటే కట్టేసిందా?" ఫ్రీసన్ గారు హాక్‌ని అడిగారు. వాడు మిషన్ తీగలు సర్దడం మొదలెట్టాడు. ఆవిడ లవాన్ వైపు తిరిగారు. "నీ అర్జీ నిన్ననే పక్కన పడేశానమ్మా, ఈ గోడని నమ్మి. సోమవారం పొద్దున్నే రా."

తర్వాత నన్ను చూశారు.

"రోజూ ఈ గోడ కిందే కూర్చుంటావుగా. కట్టేసిందని నీకూ తెలీదా?"

హాక్ మీద నాకు ఎప్పుడూ నాలుక చివర పది తిట్లుంటాయి. అప్పుడు ఒక్కటీ అందలేదు.

"తెలుసండీ," అన్నాను.